పాత సి డ్రైవ్‌ని ఏం చేద్దాం?

కంప్యూటర్ నెమ్మదించిందని ఏ షాపుకి పట్టుకెళ్లినా ఇప్పుడు చెప్పే మందు ఒక్కటే: "ఎస్‌ఎస్‌డి వేయించేయండి సార్, కొత్త మెషీన్ అయిపోతుంది." మాటలో అబద్ధం లేదు. 500 జీబీ ఎస్‌ఎస్‌డి ఒకటి బిగించి దాని మీద విండోస్ ఎక్కిస్తే, టీ తాగి వచ్చేదాకా తెరుచుకోని మెషీన్ అర నిమిషంలో సిద్ధమైపోతుంది. పాత హార్డ్ డిస్కుని మాత్రం ఎవరూ పారేయరు. టెరాబైట్ డిస్కు, ఇంకా తిరుగుతూనే ఉంది, ఫొటోలకో సినిమాలకో పనికొస్తుంది కదా అని క్యాబినెట్‌లోనే ఉంచేస్తారు.

తంటా అక్కడ మొదలవుతుంది. ఆ డిస్కు మీద పాత విండోస్ మొత్తం అలాగే ఉంటుంది. నిన్నటిదాకా సి డ్రైవ్‌గా వెలిగినది ఇవాళ డి అన్న పేరుతో ఓ పక్కన పడి ఉంటుంది. అందులో విండోస్ ఫోల్డరు, ప్రోగ్రామ్ ఫైల్స్, యూజర్స్, మెమరీ చాలనప్పుడు వాడుకునే పేజ్ ఫైలు. తీసేద్దామని డిలీట్ నొక్కితే ‘ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అనుమతి కావాలి’ అని అడ్డం తిరుగుతుంది. మన కంప్యూటర్లో మనకి అనుమతి ఇవ్వడానికి వీడెవడు అన్న చిరాకులో చెయ్యి ఫార్మాట్ మీదకి పోతుంది.

ఆ చెయ్యిని కాసేపు ఆపాలి. ఇక్కడ రెండు ప్రమాదాలున్నాయి. అక్కర్లేదనుకుని చెరిపినదాంట్లో, కొత్త విండోస్ లేవడానికి కావలసిన ముక్క కూడా కొట్టుకుపోవచ్చు. లేదా, పూర్తిగా చెరిగిపోయిందనుకున్నది నిక్షేపంగా మిగిలిపోయి, రేపు ఆ డిస్కు కొనుక్కున్నవాడి చేతిలో పడొచ్చు. ఒకటి ఎక్కువ చెరపడం వల్ల వచ్చే నష్టం, రెండోది తక్కువ చెరపడం వల్ల. రెండింటికీ మూలం ఒకటే. తెర మీద సి, డి అంటూ కనిపించే డ్రైవులు విండోస్ మన సౌకర్యం కోసం పెట్టిన పేర్లు. డిస్కు మీద నిజంగా ఉన్నది వేరు.

పవర్ బటన్ నొక్కగానే లేచేది విండోస్ కాదు. మదర్‌బోర్డు మీద ఒక చిప్‌లో ఉండే యూఈఎఫ్‌ఐ అనే ప్రోగ్రాము ముందు లేస్తుంది. (దీన్ని ఇప్పటికీ బయోస్ అనే అనేవాళ్లే ఎక్కువ.) విండోస్ తన ఫైళ్లు పెట్టుకునే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతి దానికి సాధారణంగా తెలియదు. అది తప్పకుండా చదవగలిగేది ఫ్యాట్ అనే పాత పద్ధతి. అందుకని డిస్కు మీద ఓ మూల, ఫ్యాట్ పద్ధతిలో, చాలా కంప్యూటర్లలో 100 ఎంబీకి మించని ఒక చిన్న పార్టిషన్ ఉంటుంది. దాని పేరు ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్. దానికి డ్రైవ్ అక్షరం ఉండదు కాబట్టి ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించదు. విండోస్ బూట్ మేనేజర్ ఉండేది అందులోనే. యూఈఎఫ్‌ఐ దాన్ని లేపుతుంది. అది తన జాబితా చూసుకుని, విండోస్ ఏ డిస్కులో ఏ పార్టిషన్‌లో ఉందో తెలుసుకుని దాన్ని లేపుతుంది.

ఇప్పుడు షాపులో ఏం జరిగి ఉంటుందో చూడండి. పాత డిస్కు కేబుల్ పీకకుండానే ఎస్‌ఎస్‌డి బిగించి, పెన్‌డ్రైవ్‌తో విండోస్ ఎక్కించారు. ఇన్‌స్టాలర్ లేచి చూస్తే పాత డిస్కు మీద ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఒకటి అప్పటికే ఉంది. ఇంకొకటి దేనికని చాలాసార్లు దాన్నే వాడేసుకుంటుంది. ఫలితంగా విండోస్ ఎస్‌ఎస్‌డి మీద, దాన్ని లేపే బూట్ మేనేజర్ పాత డిస్కు మీద. రోజూ వాడుతుంటే ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు. పాత డిస్కుని పూర్తిగా తుడిచిన మర్నాడు పొద్దున, ‘బూట్ చేయడానికి డివైస్ ఏదీ దొరకలేదు’ అని నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు ప్రత్యక్షమైనప్పుడు తెలుస్తుంది.

అంతదాకా రాకుండా ముందే చూసుకోవచ్చు. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేస్తే వచ్చే జాబితాలో డిస్క్ మేనేజ్‌మెంట్ ఉంటుంది. కింది సగంలో డిస్క్ 0, డిస్క్ 1 అని వరసలు, ఒక్కో వరసలో పైన నీలం పట్టీ ఉన్న గళ్లు. సి అన్న గడిలో ‘బూట్’, ‘పేజ్ ఫైల్’, ‘క్రాష్ డంప్’ అని రాసి ఉంటుంది. ఇంకో చిన్న గడిలో 100 ఎంబీ, ‘ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్’ అని ఉంటుంది. విండోస్ 7 నాటి పద్ధతిలో ఎక్కించిన మెషీన్ అయితే ఆ చిన్న గడి పేరు ‘సిస్టమ్ రిజర్వ్‌డ్’, దాని కింద ‘సిస్టమ్, యాక్టివ్’ అన్న మాటలు. ఇక్కడ ఒక మెలిక ఉంది. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం విండోస్ ఉన్న చోటుకి ‘బూట్’ అనీ, బూట్ చేసే ఫైళ్లున్న చోటుకి ‘సిస్టమ్’ అనీ పేరు. సిస్టమ్ అన్న గడి పాత డిస్కు వరసలో కనబడిందా, ఆ డిస్కుని ముట్టుకోకూడదు.

రెండు డిస్కుల మీదా ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఉంటే? అప్పుడు ఈ తెర చూసి తేల్చడం కష్టం. రెండు గళ్ల మీదా అదే రాత ఉంటుంది, వాడుకలో ఉన్నది ఏదో చెప్పదు. ఇలాంటి చోట సాఫ్ట్‌వేర్‌ని నమ్మడం కంటే కేబుల్‌ని నమ్మడం మేలని నా అభిప్రాయం. కంప్యూటర్ ఆపి, పాత డిస్కుకి వెళ్లే సాటా కేబుల్ పీకి, ఎస్‌ఎస్‌డి ఒక్కదానితోనే ఆన్ చేయాలి. విండోస్ లేచిందా, ఆ డిస్కుతో దానికి పని లేదు. లేవలేదా, చెరపకముందే తెలిసినందుకు సంతోషించాలి. కేబుల్ మళ్లీ పెట్టేస్తే అంతా యథాప్రకారం. డీవీడీ డ్రైవ్ స్థానంలో క్యాడీ పెట్టి రెండో డిస్కు బిగించిన ల్యాప్‌టాప్‌లలో ఒక్క స్క్రూ విప్పితే క్యాడీ బయటికొచ్చేస్తుంది. డెస్క్‌టాప్ విప్పడం ఇష్టం లేకపోతే కొన్ని మదర్‌బోర్డుల్లో బయోస్ సెట్టింగుల నుంచి ఆ సాటా పోర్టుని ఆపేయవచ్చు.

కేబుల్ పీకేముందు రెండు జాగ్రత్తలు. విండోస్ 8 నుంచీ షట్‌డౌన్ నొక్కితే కంప్యూటర్ నిజంగా పూర్తిగా ఆగదు. ఫాస్ట్ స్టార్టప్ పేరుతో సగం స్థితిని డిస్కు మీద దాచుకుని పడుకుంటుంది. షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కితేనే పూర్తిగా ఆగుతుంది. ఆ తర్వాత ప్లగ్ కూడా తీసేయాలి. రెండోది బిట్‌లాకర్. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్కు మనకి తెలియకుండానే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. బూట్ వ్యవహారంలో ఏదైనా మారితే అనుమానించి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాచి ఉందో లేదో ముందే చూసి, కాగితం మీద రాసిపెట్టుకోవాలి. అడిగాక వెతుక్కోవడం వేరు, ముందే దగ్గర పెట్టుకోవడం వేరు.

బూట్ ఫైళ్లు పాత డిస్కు మీదే ఉన్నాయని తేలితే చేయాల్సింది పెద్దదేం కాదు. ఎస్‌ఎస్‌డి మీద సి పార్టిషన్‌ని కొంచెం కుదించి, ఆ ఖాళీలో చిన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్ చేసి, బీసీడీబూట్ అనే కమాండ్‌తో బూట్ ఫైళ్లని అక్కడ కొత్తగా రాయించాలి. కమాండ్లంటే భయమైతే షాపులో ‘బూట్ ఫైల్స్ ఎస్‌ఎస్‌డి మీదకి మార్చండి’ అని అడగండి, వాళ్లకి అర్థమవుతుంది. ఆ తర్వాత కేబుల్ పరీక్ష ఇంకోసారి.

విండోస్‌కి ఈ ప్రమాదం తెలియదనుకోకండి. డిస్క్‌పార్ట్ అనే కమాండ్ పరికరంలో ‘క్లీన్’ అని కొట్టినప్పుడు, ఆ క్షణంలో వాడుకలో ఉన్న బూట్, సిస్టమ్, పేజ్ ఫైల్ వంటివి ఆ డిస్కు మీద ఉంటే ససేమిరా అంటుంది. నిజానికి అది గొప్ప సూచన. కానీ మనం దాన్ని మొండికేయడం అనుకుంటాం. ‘ఇలా వినదు’ అని ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, అక్కడ కనిపించిన పార్టిషన్లన్నీ ఒక్కొక్కటే డిలీట్ చేసేస్తాం. పెన్‌డ్రైవ్ నుంచి లేచిన విండోస్‌కి ఆ డిస్కులు రెండూ పరాయివే. అడ్డుపడదు. పైగా అక్కడ డ్రైవ్ అక్షరాలు కూడా మారిపోతాయి, ఇక్కడ డి అన్నది అక్కడ సి కావచ్చు. డ్రైవ్ అక్షరాన్ని నమ్మి డిస్కు చెరపకూడదన్నది ఇందుకే. సైజు చూడాలి, రెండూ ఒకే సైజువైతే మోడల్ నంబర్ చూడాలి. డిస్క్‌పార్ట్‌లో ‘లిస్ట్ డిస్క్’ కొడితే జాబితా వస్తుంది. ‘సెలెక్ట్ డిస్క్ 1’ కొట్టి మళ్లీ ‘లిస్ట్ డిస్క్’ కొడితే, ఎంచుకున్న డిస్కు పక్కన చిన్న నక్షత్రం గుర్తు పడుతుంది. ‘డిటెయిల్ డిస్క్’ కొడితే మోడల్ పేరు చెబుతుంది. ఈ మూడూ చూశాకే నాలుగో కమాండ్. ‘నిజంగా చెరపమంటారా?’ అని అడిగే అలవాటు డిస్క్‌పార్ట్‌కి లేదు.

విండోస్‌ని కొత్తగా ఎక్కించకుండా పాత డిస్కుని ఎస్‌ఎస్‌డి మీదకి క్లోన్ చేసినవాళ్ల కథ ఇంకోరకం. రెండు డిస్కుల గుర్తింపు సంఖ్య ఒకటే కావడంతో విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెడుతుంది. అంతకంటే ముఖ్యం, బయోస్‌లో బూట్ వరస మార్చకపోతే కంప్యూటర్ ఇప్పటికీ పాత డిస్కు నుంచే లేస్తూ ఉండొచ్చు. ఎస్‌ఎస్‌డి వేసినా వేగం పెరగలేదని గొణుక్కునేవాళ్లు ముందు ఇది చూడాలి.

సరే, బూట్ సంగతి తేలింది. ఇక పాత డిస్కులో మనవి ఏమున్నాయి? డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ అందరికీ గుర్తుంటాయి. గుర్తుండనివే అసలు సమస్య. వ్యాపారస్తుల ట్యాలీ డేటా చాలాచోట్ల యూజర్స్ కింద పబ్లిక్ అన్న ఫోల్డర్‌లో ఉంటుంది. అక్కడికి ఎవరూ తొంగి చూడరు. అవుట్‌లుక్ వాడేవాళ్ల పాత మెయిళ్లు పీఎస్‌టీ ఫైలులో ఉంటాయి. డీటీపీ చేసేవాళ్ల పరిస్థితి మరీ సున్నితం. అను స్క్రిప్ట్ ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కంపోజ్ చేసిన పుస్తకాలు, శుభలేఖలు, కరపత్రాలు ఫైళ్లుగా భద్రంగానే ఉంటాయి. కానీ ఆ ఫాంట్లు ఉండేది విండోస్ ఫోల్డర్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్‌లో. పాత విండోస్‌తోపాటు అవీ పోతే, ఫైలు తెరవగానే తెలుగుకి బదులు ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. యూనికోడ్ కాని ఫాంట్లతో వచ్చే చిక్కే ఇది.

బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు ఇంకో ఉచ్చు. క్రోమ్ ఫోల్డర్‌ని అచ్చంగా కాపీ చేసుకున్నా లాభం లేదు. అవి పాత విండోస్‌లోని యూజర్ అకౌంట్ తాళంతో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి. గూగుల్ అకౌంట్‌తో సింక్ చేసుకోనివాళ్లు, పాత విండోస్ ఇంకా లేచే స్థితిలో ఉండగానే ఒకసారి దాంట్లోకి వెళ్లి పాస్‌వర్డ్‌లని ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. ఇలాంటివి ఇంకేమైనా బయటపడతాయేమోనని, కేబుల్ పీకిన పాత డిస్కుని ఓ నెలపాటు సొరుగులో పెట్టడం మంచి పద్ధతి. ఒక జీతాల రోజు, ఒక జీఎస్‌టీ రిటర్న్ రోజు దాటితే మరిచిపోయినవన్నీ వాటంతటవే గుర్తుకొస్తాయి.

ఇప్పుడు చెరపడం. డిలీట్ నొక్కితే ఫైలు పోదని చాలామంది వినే ఉంటారు. పోనిదేమిటో చూద్దాం. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ప్రతి ఫైలుకీ మాస్టర్ ఫైల్ టేబుల్ అనే పట్టికలో ఒక నమోదు ఉంటుంది. సాధారణంగా 1024 బైట్లు. పేరు, తేదీలు, ఫైలు డిస్కు మీద ఎక్కడెక్కడ ఉందన్న చిరునామాలు అందులో ఉంటాయి. డిలీట్ చేస్తే ఆ నమోదులో ‘వాడుకలో ఉంది’ అన్న ఒక చిన్న గుర్తు మారుతుంది, ఫైలు ఆక్రమించిన చోటు ‘ఖాళీ’ జాబితాలోకి వెళ్తుంది. అంతే. పాత ఫ్యాట్ పద్ధతి ఇంకా పొదుపు: డైరెక్టరీలో ఫైలు పేరులోని మొదటి అక్షరాన్ని ఇ5 అనే సంకేతంతో కొట్టేసి ఊరుకుంటుంది. అడంగల్‌లో పేరు కొట్టేసినంత మాత్రాన చేలో పంట మాయం కానట్టే, డిస్కు మీద ఫైలు ఎక్కడిదక్కడే ఉంటుంది. క్విక్ ఫార్మాట్ చేసేదీ ఇలాంటిదే. పట్టికని కొత్తగా రాస్తుంది, మిగతా డిస్కు జోలికి పోదు. టెరాబైట్ డిస్కు పది సెకన్లలో ఫార్మాట్ అయిపోయిందంటేనే అర్థం చేసుకోవాలి, అందులో చెరిగినది ఎంతో.

ఫోటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రాములు ఈ పట్టికని అసలు పట్టించుకోవు. డిస్కుని మొదటినుంచీ చివరిదాకా పచ్చిగా చదువుకుంటూ పోతాయి. ప్రతి జేపెగ్ ఫొటో ఎఫ్‌ఎఫ్, డి8, ఎఫ్‌ఎఫ్ అన్న మూడు బైట్లతో మొదలవుతుంది, ప్రతి పీడీఎఫ్ శాతం గుర్తు, దాని వెంట పీడీఎఫ్ అన్న అక్షరాలతో. ఆ సంతకం కనబడగానే అక్కడినుంచి ఫైలుని కోసుకుని పక్కన పెడతాయి. దీనికి నిపుణుడు అక్కర్లేదు, ఓ మధ్యాహ్నం తీరిక ఉంటే చాలు.

2000 నవంబరు నుంచి 2002 ఆగస్టు వరకు అమెరికాలో ఎంఐటీ విద్యార్థులు సిమ్సన్ గార్ఫింకెల్, అభి శెలత్ సెకండ్ హ్యాండ్ హార్డ్ డిస్కులు 158 కొన్నారు. పనిచేసినవి 129. వాటిలో సరిగ్గా తుడిచినవి ఎన్నంటే, 12. మిగతావాటిలో ఐదు వేలకు పైగా క్రెడిట్ కార్డ్ నంబర్లు, వైద్య వివరాలు, ప్రేమలేఖలూ దొరికాయి. ఒక డిస్కు ఇల్లినాయ్‌లోని ఏటీఎం నుంచి వచ్చింది. ఏడాది లావాదేవీలు అందులోనే ఉన్నాయి. ఇరవై ఏళ్ల కిందటి కథ అనుకునేందుకూ లేదు. పాత సర్వర్లు, డిస్కుల్ని తుడిపించే పనిని ఆ అనుభవమే లేని సామాన్లు తరలించే కంపెనీకి అప్పగించినందుకు, డేటాతో సహా అవి ఆన్‌లైన్ వేలంలోకి వెళ్లినందుకు, మోర్గన్ స్టాన్లీ సంస్థ మీద అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ 2022లో 3.5 కోట్ల డాలర్ల జరిమానా వేసింది.

మన ఇళ్లలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూడండి: పాన్ కార్డు స్కాన్, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇంటిల్లిపాదివీ ఈ-ఆధార్ పీడీఎఫ్‌లు. ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంది కదా అంటారేమో. ఆ పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. అదే డిస్కులో మీ బయోడేటా కూడా ఉండే ఉంటుంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల పాత డిస్కు అమ్మేటప్పుడు ఈ మాత్రం గుర్తుంచుకుంటే చాలు.

అంటే డిస్కు మీద ప్రతి సెక్టార్‌నీ వేరే దానితో కప్పాలి. ఎన్నిసార్లు? ఈ ప్రశ్న చుట్టూ అల్లుకున్నంత మూఢనమ్మకం కంప్యూటర్ లోకంలో మరో దాని చుట్టూ అల్లుకోలేదంటే అతిశయోక్తి కాదు. 1996లో న్యూజిలాండ్‌కి చెందిన పీటర్ గుట్మన్ ఒక పత్రం రాశాడు. ఆనాటి డిస్కుల్లో, కొత్త బిట్ కింద పాత బిట్ ఛాయ మిగిలి ఉండొచ్చనీ, అయస్కాంత బలాన్ని కొలిచే సూక్ష్మదర్శినితో దాన్ని చదివే వీలుండొచ్చనీ ఆయన వాదన. రకరకాల నమూనాలతో 35 సార్లు తిరగరాయాలని పట్టిక ఇచ్చాడు. ఆ 35 నమూనాలు అప్పటి రకరకాల ఎన్‌కోడింగ్ పద్ధతులన్నింటినీ కలుపుకుని వేసినవి, ఏ ఒక్క డిస్కుకీ అన్నీ అక్కర్లేదు. ఆధునిక డిస్కులకి ఆ పట్టిక మొత్తం వాడటం అర్థంలేని పని అని తర్వాత ఆయనే రాశాడు. కానీ అప్పటికే ‘గుట్మన్ పద్ధతి, 35 సార్లు’ అన్న బటన్ చెరిపే సాఫ్ట్‌వేర్లన్నింట్లోకీ ఎక్కేసింది. జనం ఇప్పటికీ దాన్నే నొక్కుతున్నారు.

ఆ వాదనకి జవాబు వచ్చినది మన హైదరాబాద్‌లోనే. 2008 డిసెంబరులో ఇక్కడ సమాచార వ్యవస్థల భద్రత మీద జరిగిన అంతర్జాతీయ సదస్సులో క్రెయిగ్ రైట్, డేవ్ క్లైమన్, శ్యామ్ సుందర్ ఒక పత్రం సమర్పించారు. ఈ క్రెయిగ్ రైట్, తర్వాతి కాలంలో బిట్‌కాయిన్ సృష్టికర్తని నేనేనని చెప్పుకుని, 2024లో లండన్ హైకోర్టు చేత కాదనిపించుకున్న క్రెయిగ్ రైటే. ఆ పేరు చూసి పత్రాన్ని కొట్టిపారేయక్కర్లేదు, అందులోని లెక్క మనం కూడా వేసుకోవచ్చు. వాడుకలో ఉన్న డిస్కు మీద ఒక్కసారి తిరగరాశాక, పాత బిట్ ఏమిటో సూక్ష్మదర్శినితో సరిగ్గా చెప్పగలిగే అవకాశం నూటికి 56. నాణెం ఎగరేసి చెబితే నూటికి 50. ఒక బైటులో ఎనిమిది బిట్లు. ఎనిమిదీ సరిగ్గా రావాలంటే 0.56ని ఎనిమిదిసార్లు గుణించాలి: 0.0097, నూటికి ఒకటి కూడా లేదు. 12 అంకెల ఆధార్ నంబర్ టెక్స్ట్‌గా ఉంటే 96 బిట్లు. అన్నీ సరిగ్గా వచ్చే అవకాశం, ఒకటి పక్కన 24 సున్నాలు పెట్టిన సంఖ్యలో ఒక వంతు. అదీ ఆ నంబర్ డిస్కు మీద సరిగ్గా ఎక్కడ ఉండేదో ముందే తెలిస్తే.

కారణం డిస్కుల పరిణామంలోనే ఉంది. 1956లో ఐబీఎం తెచ్చిన తొలి హార్డ్ డిస్కు ర్యామాక్‌లో చదరపు అంగుళానికి 2000 బిట్లు పట్టేవి. ఇప్పుడు లక్ష కోట్ల బిట్లు. అంటే ఒక బిట్‌కి దక్కే చోటు చదరంగా ఊహించుకుంటే పక్కకి 25 నానోమీటర్లు. కొత్తదాని అంచున పాతది ఒదిగి ఉండటానికి అంత ఇరుకులో జాగా ఏది? అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2006లో వెలువరించిన మార్గదర్శకాల్లోనే ఇప్పటి డిస్కులకి ఒక్కసారి తిరగరాస్తే చాలంది.

ఆ ఒక్కసారి కూడా ఊరికే అవదు. సెకనుకి 150 ఎంబీ రాసే డిస్కుకి ఒక టెరాబైట్ నింపడానికి దగ్గర దగ్గర రెండు గంటలు. లోపలి వలయాలకి వచ్చేసరికి వేగం తగ్గుతుంది కాబట్టి మూడనుకోండి. యూఎస్‌బీ 2 కేబుల్‌తో బయట తగిలిస్తే తొమ్మిది గంటలు పైనే. 35 సార్లంటే డిస్కు నాలుగు రోజులకి పైగా తిరుగుతూనే ఉండాలి. చేతికందే పరికరాలు విండోస్‌లోనే ఉన్నాయి. డిస్క్‌పార్ట్‌లో ‘క్లీన్’ పార్టిషన్ పట్టికని మాత్రమే తీసేస్తుంది, ‘క్లీన్ ఆల్’ ప్రతి సెక్టార్‌లోనూ సున్నాలు రాస్తుంది. ఒక్క మాట తేడా. లేదంటే ఫార్మాట్ చేసేటప్పుడు ‘క్విక్’ అన్న గడిలో టిక్కు తీసేస్తే చాలు. విస్టా నుంచీ పూర్తి ఫార్మాట్ ఆ పార్టిషన్ అంతటా సున్నాలు రాస్తుంది. ఎక్స్‌పీలో అలా కాదు, చెడిన సెక్టార్లున్నాయేమో చూసి వదిలేసేది. ‘ఫార్మాట్ చేసినా ఫైళ్లు వచ్చాయి’ అన్న పాత కథల్లో కొన్నింటికి మూలం అది.

ఇంతవరకూ చెప్పినది తిరిగే డిస్కు గురించి. ఈ రోజుల్లో పాత సిస్టమ్ డ్రైవ్ కూడా ఎస్‌ఎస్‌డి కావడం మామూలే: 128 జీబీది చాలక 1 టీబీది వేయించుకుంటారు. అక్కడ పై సూత్రాలేవీ పనిచేయవు. ఫ్లాష్ మెమరీలో రాసినచోటే మళ్లీ రాయడం కుదరదు. ముందు ఒక పెద్ద బ్లాక్ మొత్తాన్ని చెరపాలి. అదీగాక ఒక్కో బ్లాక్‌ని చెరిపే కొద్దీ అది అరుగుతుంది. అందుకని లోపలి కంట్రోలర్, మనం నూరో సెక్టార్‌లో సున్నాలు రాయమంటే వాటిని ఎక్కడో ఖాళీగా ఉన్న పేజీలో రాసి, ‘ఇకనుంచి నూరో సెక్టార్ అంటే ఇదే’ అని తన పట్టిక మార్చుకుంటుంది. పాతది పాతచోటే ఉంటుంది. పైగా 500 జీబీ అని అమ్మే ఎస్‌ఎస్‌డి లోపల అంతకంటే ఎక్కువ ఫ్లాష్ ఉంటుంది. ఆ అదనపు భాగానికి విండోస్ నుంచి దారే లేదు.

2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో శాఖలో మైకేల్ వే, స్టీవెన్ స్వాన్సన్ తదితరులు ఎస్‌ఎస్‌డిలు విప్పి, చిప్పులని నేరుగా చదివారు. ఫైలుని తిరగరాసి చెరిపే పద్ధతులన్నీ విఫలమయ్యాయి. ఫైలులో 4 నుంచి 75 శాతం దాకా చిప్పుల్లో మిగిలే ఉంది. ఇంకో సంగతి మరీ కలవరపెట్టేది: తయారీదారులే ఇచ్చిన చెరిపే ఆదేశాన్ని పరీక్షిస్తే, ఒక డ్రైవ్ ‘పని పూర్తయింది’ అని జవాబిచ్చి డేటాని మొత్తం అలాగే ఉంచేసింది. అప్పటినుంచి డ్రైవులు మెరుగుపడ్డాయి. అయినా పాత ఎస్‌ఎస్‌డికి సరైన మార్గం అదే: తయారీదారు సాఫ్ట్‌వేర్‌లోనో, కొన్ని మదర్‌బోర్డుల బయోస్‌లోనో ఉండే సెక్యూర్ ఎరేజ్. అప్పుడు చెరిపేది కంట్రోలరే కాబట్టి మనకి దారి లేని మూలలకీ దానికి దారి ఉంటుంది. ఇక్కడ ఒక వింత. విండోస్ 7 నుంచీ డిలీట్ చేసిన చోట్ల వివరం ట్రిమ్ అనే ఆదేశం ద్వారా ఎస్‌ఎస్‌డికి వెళ్తుంది, అది తీరిక చూసుకుని వాటిని నిజంగానే చెరిపేస్తుంది. అందుకే ఎస్‌ఎస్‌డిలో పొరపాటున డిలీట్ చేసిన పెళ్లి ఫొటోలు సాధారణంగా తిరిగి రావు. కావాలని చెరిపిన స్టేట్‌మెంట్ మాత్రం నూటికి నూరుపాళ్లూ పోయిందని చెప్పలేం.

ఈ గొడవంతా తప్పించుకునే ఉపాయం డ్రైవ్ కొత్తగా ఉన్నప్పుడే ఉంది. మొదటి రోజునుంచే బిట్‌లాకర్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచితే, చెరిపే రోజున తాళం చెవి ఒక్కటి నాశనం చేస్తే సరి, మిగిలేది అర్థంపర్థం లేని బిట్లు. పనిచేయని డిస్కుకి ఏ సాఫ్ట్‌వేరూ అక్కరకు రాదు. ల్యాప్‌టాప్ డిస్కుల్లో పళ్లేలు చాలావాటిలో గాజువి, గట్టిగా కొడితే పొడి అవుతాయి. డెస్క్‌టాప్‌వి అల్యూమినియంవి, డ్రిల్ పెట్టాలి. కళ్లజోడు మరిచిపోకండి.

‘క్లీన్ ఆల్’ అయిపోయిన పాత డిస్కుని మళ్లీ వాడుకుంటామంటే, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో జీపీటీ పద్ధతిలో ఇనిషియలైజ్ చేసి కొత్త వాల్యూమ్ చేసుకోవడమే. అంతకుముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ప్రోగ్రాముతో, డిస్కు ఆరోగ్యాన్ని చెప్పే స్మార్ట్ అంకెలు ఒకసారి చూడండి. చెరిపే క్రమంలో ప్రతి సెక్టార్‌లోనూ రాశారు కాబట్టి, డిస్కు ఆరోగ్యానికి అంతకంటే మంచి పరీక్ష ఇంట్లో చేయలేరు. ‘రీఅలొకేటెడ్ సెక్టార్స్’ అన్న అంకె చెరపకముందు ఎంతుందో రాసిపెట్టుకుంటే పోల్చుకోవచ్చు. సున్నాగా ఉన్నది సున్నాగానే ఉంటే ఫొటోలు నింపుకోండి, ఇంకో నకలు వేరేచోట ఉంచుకుని. అంకె పెరిగితే, రాయబోతే మొరాయించిన సెక్టార్లని డిస్కు పక్కన పెట్టేసి, వాటి బదులు వేరేవి వాడుకుందన్నమాట. అలా పక్కన పెట్టినవాటి మీద సున్నాలు పడలేదు, వాటిలో పాత డేటా తునకలు ఉండొచ్చు. అలాంటి డిస్కు ఫొటోలకీ పనికిరాదు, అమ్మకానికీ పనికిరాదు. డ్రిల్ బయటికి తీయండి.